దేవ్లా మామకు మూడు తెలివులు కావాలి

ముగ్గురిని అడగకుండా దేవ్లా ఏ పనీ చేయడు. ములకలపల్లి అడివి అంచున ఉన్న ఆ తండాలో పాలు తాగే పిల్లలకు తప్ప ఈ సంగతి అందరికీ తెలుసు. ముగ్గురంటే దారినపోయే ముగ్గురు కాదు. ఒకరు చదువుకున్నవాళ్లు కావాలి. ఒకరు ఆ పనిలోనే దెబ్బ తిన్నవాళ్లు కావాలి. ఇంకొకరు ఆ పని రోజూ చేతులతో చేసేవాళ్లు కావాలి. ఈ మూడు తెలివులూ ఒకచోట చేరేదాకా దేవ్లా గొడుగు కూడా తెరవడు. ఈలోగా వాన వెలిసిపోతే, తెరవకపోవడమే మంచిదైందని మురిసిపోతాడు.

కోడలు కళ్యాణి కుసుమంచి నుంచి కాపురానికొచ్చిన మొదటి వారంలోనే ఈ విషయం కనిపెట్టింది. భద్రాచలం పోవాలని మామ తెల్లారి ఆరింటికి తయారై రోడ్డు మీదికెళ్లాడు. పదింటికి కూడా అక్కడే ఉన్నాడు. మూడు బస్సులు వచ్చాయి, పోయాయి.

"మామకు బస్సు దొర్కలేదా?" అని కళ్యాణి తన పెనిమిటి బలరాంను అడిగింది.

బలరాం నవ్వాడు. "బస్సులు దొరికినయ్. తెలివులే దొర్కలేదు. పాల్వంచ మీంచి పోవాలె అని మాస్టర్ చెప్పిండట. అట్ల పోయి వాంతులు చేసుకున్నోడు ఒకడు కలిసిండట. ఇగ రోజూ పోయేటోడు కావాలె. రోజూ పోయేటోడు ఈ పాటికి భద్రాచలంలనే ఉంటడు గద!"

దేవ్లా ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఇరవై ఎనిమిదేళ్లు వంట చేసి రిటైరైనవాడు. అందుకని ఆయన తెలివిని గురించి మాట్లాడినా వంటింటి గుమ్మం దాటడు. కొత్తలో ఒకసారి కళ్యాణికి విడమరిచి చెప్పాడు.

"కాయితం తెలివి హాస్టల్ సాంబారు లెక్క బిడ్డా. ఒక్క గుండిగ కాస్తే మూడొందల మందికి పంచొచ్చు. అందరికి ఒక్కటే రుచి. మంచిదే, తప్పు పట్టేది లేదు. దెబ్బ తెలివి గట్ల కాదు. అది మూతి కాలినోడి తెలివి. సాంబారు వేడిగున్నదిరా అని వాడు మొత్తుకుంటడు. మనం వినం. మనం గూడ కాల్చుకుంటం. పంచితే పంచబడదు అది."

"మరి మూడోది?"

"చేతి తెలివా? అది వంటోడిది. ఉప్పు ఎంతేసినవురా అంటే చెయ్యి జూపిస్తడు. నోటితోని చెప్పరాదు. అసలు కష్టం ఏందంటే, అది ఉన్నోళ్లకు ఉన్నదనే తెల్వది. అందుకే దొరుకుడు కష్టం. బస్సులు పోయేది అందుకే."

ఈ పద్ధతి వల్ల ఇంట్లో జరిగిన ఘనకార్యాలు చాలానే ఉన్నాయి. ఒకసారి తండాలోని బిచ్యా దగ్గర చూడి బర్రెను కొందామనుకున్నాడు. పశువుల డాక్టరును అడిగాడు. బర్రె తన్ని కాలు విరిగినవాణ్ణి పరామర్శ వంకతో వెళ్లి అడిగాడు. మూడో తెలివి దొరికేసరికి బర్రె బిచ్యా ఇంట్లోనే ఈనింది. దేవ్లా భార్య సక్రి నడుం మీద చేతులు పెట్టుకొని, "ఇంకేం, దూడను గూడ ఒకసారి అడిగి రాపో. అది నాలుగో తెలివి" అంది.

కిందటేడు పంటి నొప్పి వచ్చింది. కొత్తగూడెంలో పళ్ల డాక్టరు పీకించుకోమన్నాడు. అది కాయితం తెలివి. అక్కణ్ణుంచి నేరుగా ముసలయ్య ఇంటికెళ్లాడు. ముసలయ్య దేవ్లా దోస్తు. ఒకప్పుడు తండాలో మొట్టమొదటి ట్రాక్టర్ ఆయనదే. ఇప్పుడు నోట్లో ఒక్క పన్ను లేదు.

"పీకించుకోకు. నాకు ఒక్కటి పీకితే మిగిలినయన్నీ దానెనక పోయినయ్. అవి అన్నదమ్ములు లెక్క. ఒకటి లేకపోతే ఒకటి నిలవయ్" అన్నాడు ముసలయ్య.

ఒకరు పీకమన్నారు, ఒకరు వద్దన్నారు. మూడో తెలివి కోసం దేవ్లా దవడకు తువ్వాల కట్టుకొని రోజూ వేపపుల్లతో పళ్లు తోముకునే ముసలమ్మల్ని వెతుక్కుంటూ నాలుగు తండాలు తిరిగాడు. నాలుగో తండాలో ఎవరో మర్యాదకు పెట్టిన మురుకు కొరికితే పన్ను దానంతటదే ఊడి చేతిలో పడింది.

"చూసినవా? తొందరపడలేదు గనుక డాక్టరు చెయ్యి పడకుండనే పనైంది" అని ఆ పన్నును కాగితంలో చుట్టి తెచ్చి సక్రికి చూపించాడు.

"పన్నుకున్న తెలివి నీకు లేదు. అది ఎవ్వర్ని అడగలే" అంది సక్రి.

చిన్న కొడుకు కోటేష్‌కు సంబంధం చూసినప్పుడు కూడా ఇంతే. పెళ్లిళ్ల మీద పుస్తకాలు చదివిన పంతులుగారినొకర్ని, పెళ్లాం పుట్టింటికి పోయి రానివాణ్ణొకర్ని అడిగి, మూడో తెలివి కోసం ముప్ఫై ఏళ్లుగా కాపురం చేస్తున్న మనిషి కావాలని సక్రి దగ్గరికే వచ్చాడు. సక్రి ఏం చెప్పిందో ఎవరికీ తెలియదు. ఆ పూట ఆయన బయట అరుగు మీద కూర్చొని అన్నం తిన్నాడు. కోటేష్ మాత్రం మణుగూరు బొగ్గు గనుల ఆఫీసులో ఉద్యోగం, పక్కనే కిరాయి ఇల్లు, తనే చూసుకున్న జ్యోత్స్న, అన్నీ తనంతట తనే కుదుర్చుకున్నాడు. తండ్రి మూడు తెలివులు సంపాదించేసరికి తనకు పింఛను వయసు వస్తుందని ఆ అబ్బాయి లెక్క.

బలరాం పోయి ఏడాదిన్నర అయింది. జ్వరమని పడుకున్నాడు, వారం తిరక్కుండానే మనిషి లేడు. ముప్ఫై రెండేళ్లు. ఆ తర్వాత కళ్యాణి నోట మాట పోయింది. ఏడ్చి గోల చేసిందీ లేదు. లేచేది, ఊడ్చేది, వండేది, మిరపతోటకు పోయేది. అవునంటే తల ఊపేది, కాదంటే తల ఊపేది. అమ్మగారింటికి రమ్మంటే దానికీ తల ఊపింది. అది అవునో కాదో అర్థంకాక వాళ్లన్న రెండు రోజులు ఆగి వెళ్లిపోయాడు.

చుట్టాలందరూ వెళ్లిపోయిన మర్నాడు దేవ్లా వంటింటి గుమ్మం దగ్గర ప్రత్యక్షమయ్యాడు. తండాలో పాతకాలం కోడళ్లు మామ ఎదుటపడరు. సక్రి తన మామతో ముప్ఫై ఏళ్లలో ముప్ఫై మాటలు మాట్లాడి ఉండదు. అలాంటిది ఈయన గుమ్మానికి ఆనుకొని నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"బిడ్డా, పప్పుల ఉప్పెంతెయ్యాలె?"

కళ్యాణి గరిటె పట్టుకొని అలాగే చూసింది. ఇరవై ఎనిమిదేళ్లు గుండిగల్లో పప్పు కాచిన మనిషి అడుగుతున్నాడు.

"మూడొందల మందికి ఎంతెయ్యాలెనో తెలుసు. నలుగురికి ఎంతనో తెల్వది" అన్నాడు దేవ్లా, సిగ్గుపడుతున్నట్టు నేల చూస్తూ.

ఇంట్లో ఇప్పుడున్నది ముగ్గురే. ఆ లెక్క ఇద్దరిలో ఎవరూ దిద్దలేదు.

"చిటికెడు," అంది కళ్యాణి. అన్నీ అయిపోయాక ఆమె అన్న మొదటి మాట అది.

"చిటికెడా! మంచిది" అని దేవ్లా వెళ్లిపోయాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు. నిన్న పెసరపప్పు, ఇవాళ కందిపప్పు గనుక మళ్లీ అడగాలన్నాడు. ఆ మర్నాడు మబ్బు పట్టింది, మబ్బు రోజున ఉప్పు మారుతుందా అని అడిగాడు. ఒకరోజు గేదె పాలు ఏ చేత్తో పిండాలో అడిగాడు. ఇంకోరోజు తన చొక్కా ఏదో, సక్రి రవికె ఏదో దండెం మీద తేలడం లేదన్నాడు. కళ్యాణి విసుక్కునేది. విసుగు పైకి రావాలంటే మాట కావాలి గనుక ఒక మాట అనేది. ఒక మాట రెండయ్యేది. ఈ మామతో చస్తున్నాననుకుంటూనే రోజుకు పది మాటల దాకా వచ్చింది. అంతకు మించి మాత్రం కదల్లేదు.

ఈ ఏడు శివరాత్రి వెళ్లిన వారానికి కోటేష్ సెలవు పెట్టుకొని వచ్చాడు. మిరప రెండో కోత అయి, కాయంతా ఊరి చివర కల్లంలో ఎండుతోంది. రెండున్నర ఎకరాల కాయ. అన్నం తింటూ కోటేష్ విషయం బయటపెట్టాడు.

"నాయినా, ఈ పంటతోని ఆపేద్దాం. పొలం కౌలుకిద్దాం. పినపాక దిక్కు మన జగదీష్ బావ చేస్త అంటుండు. ఐదేండ్లకు రాసుకుందాం. ఆదివారం పొలం చూస్తానికి వస్తడు. అన్న లేకపాయె. నీకు మోకాళ్లు నొప్పులాయె. వదిన ఒక్కతే ఎన్నాళ్లు ఎండల పడి చస్తది? ఇంటిపట్టున ఉంటది గద."

కోటేష్ చెడ్డవాడు కాదు. వదినంటే ప్రాణం. అన్న పోయిన దగ్గర్నుంచి ప్రతి సెలవుకూ ఆమెకు ఇష్టమని కోవా బిళ్లలు తెస్తాడు. అవంటే ఇష్టం తనకు కాదు, బలరాంకనే సంగతి ఆమె ఇప్పటిదాకా చెప్పలేదు.

కళ్యాణి గోడ అవతల గిన్నెలు తోముతోంది. చేతిలో గిన్నె ఆగిపోయింది. రోజు మొత్తంలో ఆమెకు ఊపిరి సాఫీగా ఆడేది ఆ మిరపసాళ్లలోనే. ఏ చెట్టుకు ముడత వచ్చిందో, ఏ మూల నీరు నిలుస్తుందో కళ్లు మూసుకొని చెప్పగలదు. అది ఐదేళ్లకు వేరేవాళ్ల చేతికి పోతే, ఈ నాలుగు గోడల మధ్య గిన్నెలు తప్ప ఏమీ మిగలవు. వద్దని చెప్పాలనుకుంది. కానీ నిన్నెవరు అడిగారంటారేమోనని, ఆగిన గిన్నెను మళ్లీ తోమింది. అది అంతకుముందే తోమిన గిన్నె.

"మూడు తెలివులు అడగాలె," అన్నాడు దేవ్లా.

కోటేష్ తల పట్టుకున్నాడు. "నేను డిగ్రీ చదివిన నాయినా. నా తెలివి పనికిరాదా?"

"ఎందుకు పనికిరాదు? నీది కాయితం తెలివి. ఒకటి వచ్చింది. ఇంకా రెండు రావాలె."

"ఆదివారం లోపల రావాలె!"

"వచ్చేది వస్తది. తెలివికి సెలవు చీటీ ఉండదు."

రెండో తెలివి మర్నాడే దొరికింది. ముసలయ్య ఒకప్పుడు తన చెలక మూడేళ్లు కౌలుకిచ్చి దెబ్బ తిన్నవాడు. చూపు మందగించి ట్రాక్టర్ అమ్మేశాక ఆయన ఇంట్లోంచి బయటికి రావడమే తగ్గించాడు. దేవ్లా రోజూ పొద్దున్నే వెళ్లి, వాగు దాటేటప్పుడు ట్రాక్టర్ ఏ గేరులో ఉండాలి, బురదలో దిగబడితే ఏం చేయాలి అని అడిగి వస్తాడు. దేవ్లాకు సైకిలు కూడా రాదు.

"కౌలుకిచ్చిన పొలం కిరాయి సైకిలు లెక్క దేవ్లా. ఎక్కినోడు తొక్కుడే గని నూనె ఎయ్యడు. నాది మూడేండ్లకు తిరిగొచ్చినప్పుడు గడ్డి తప్ప ఏం లేదు. ఇయ్యకు" అన్నాడు ముసలయ్య.

చెరో వైపు ఒకటి. పంటి నొప్పి కథే మళ్లీ వచ్చింది. దేవ్లా శుక్రవారం, శనివారం చేతులు వెనక్కి కట్టుకొని తండా అంతా తిరిగాడు. "మూడోది దొరికిందా?" అని ఎవరడిగినా, "దగ్గర్లనే ఉన్నట్టుంది. కనపడతలేదు" అనేవాడు. కళ్యాణి అన్నం పెడుతుంటే మాత్రం ఆమె చేతుల వంక ఒకసారి చూసి, మజ్జిగలో ఉప్పెంత అని అడిగాడు. ఆ రోజు ఆమె ఉప్పు గిన్నె ఆయన ముందు పెట్టి లోపలికి పోయింది.

ఆదివారం పదకొండింటికి జగదీష్ మోటారు సైకిల్ మీద వచ్చాడు. ఇస్త్రీ తెల్లచొక్కా, జేబులో పెన్ను. కల్లం దగ్గరే ఎదురొచ్చిన అందరికీ దండాలు పెడుతుండగా అడివి మీద నల్లగా మబ్బు లేచింది. అది నడిచి రాలేదు, పరుగెత్తుకొచ్చింది. రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. గాలికి మిరపగింజలు ఎగిరి కళ్లలో పడుతున్నాయి.

కోటేష్ ఫోన్ చూశాడు. "నాయినా, అర్ధగంటల వాన వస్తదని చూపిస్తుంది. మొత్తం కుప్ప చేసి పట్టాలు కప్పుదాం!"

ముసలయ్యను ఎవరో కర్ర పట్టించి తీసుకొచ్చారు. ఆయన గాలికి ముఖం పెట్టి వాసన చూశాడు. "కుప్ప చెయ్యొద్దు. నేనొకసారి చేసిన. వాన రాలే. పట్టా కింద కాయ ఉడికి మొత్తం తాలైంది. వదిలేయ్!"

"ఇది వానే తాతా, ఫోన్ల చూపిస్తుంది!"

"నీ ఫోను ఎన్నడన్న మిర్చి ఎండబెట్టిందారా?"

అందరూ దేవ్లా వంక చూశారు. ఈయన ఇప్పుడు మూడో తెలివి కోసం పక్క తండాకు బయల్దేరితే రెండున్నర ఎకరాల కాయ నీళ్లలో తేలుతుంది. "ఓ దేవుడా, ఈ ఒక్కరోజు ఇద్దరితోని సరిపెట్టుకో!" అని సక్రి అక్కడే చేతులు జోడించింది.

దేవ్లా ఎటూ కదల్లేదు. కల్లం మధ్యలో గంప పట్టుకొని నిలబడ్డ కోడలి దగ్గరికి వెళ్లాడు.

"బిడ్డా, ఏం చేద్దాం?"

కళ్యాణి తల ఊపబోయింది. కానీ ఈ ప్రశ్నకు తల ఎటు ఊపినా కాయ మిగలదు. గంప కింద పడేసింది. వంగి పడమటి పక్క కాయల్లో మోచేతిదాకా చెయ్యి దూర్చి, గుప్పెడు తీసి చెవి దగ్గర ఊపింది. గింజలు గలగలమన్నాయి. పరుగెత్తి తూర్పు పక్క గుప్పెడు తీసి ఊపింది. సడి లేదు.

అప్పుడు ఆమె గొంతు లేచింది. ఏడాదిన్నర వాడని గొంతు గనుక మొదట కీచుమంది, తర్వాత దారిలో పడింది.

"పడమటిది ఎండింది, సంచులకెత్తుండ్రి! తూర్పుది నాల్గు రోజులు వెనక పోసింది, లోపల పచ్చిగున్నది, కుప్ప పెడితే ఉడుకుతది. గంపలతోని ఇండ్లల్లకు మోయుండ్రి. మంచాల మీద, అరుగుల మీద పల్చగ పరవాలె. పట్టా దాని మీద కప్పొద్దు, సంచుల మీద కప్పుండ్రి! నాగలక్ష్మక్కా, మీ హాలు పెద్దది, పది గంపలు మీ ఇంటికే!"

పక్కింటి నాగలక్ష్మి ఉలిక్కిపడింది. "నిన్ననే టైల్స్ కడిగిన కళ్యాణీ!"

"రేపు నేనొచ్చి మల్ల కడుగుత అక్కా, గంపెత్తు! కోటేషూ, ఫోను జేబుల పెట్టి సంచి మూతి పట్టుకో! జగదీషన్నా, ఏం చూస్తున్నరు? మీకు చేతుల్లేవా?"

ఇస్త్రీ చొక్కా జగదీష్ తనకు తెలియకుండానే గంపెత్తాడు. తండా తండా అంతా మిరపకాయలతో పరుగెత్తింది. పాతిక నిమిషాల్లో మిర్చి లేని ఇల్లు లేదు. మంచాల మీద మిర్చి, బల్లల మీద మిర్చి, బిచ్యా ఇంట్లో ఉయ్యాల్లో కూడా మిర్చి. చివరి గంప లోపలికెళ్తుండగా మొదటి చినుకు పడింది. ఆ తర్వాత వడగళ్లు.

అంతా సవ్యంగా అయిపోయేదే. కానీ నాగలక్ష్మి హాల్లో కోటేష్‌కు ఒక ఆలోచన వచ్చింది. పచ్చికాయకు గాలి తగిలితే తొందరగా ఆరుతుంది గదా అని పుస్తకాల్లో చదివిన తెలివితో ఫ్యాన్ వేశాడు. ఐదులో పెట్టాడు.

ముందు కోటేష్ తుమ్మాడు. తర్వాత జగదీష్. తర్వాత నాగలక్ష్మి, నాగలక్ష్మి అత్త, అత్త ఒడిలో పిల్లి. కారం పొడి కిటికీల్లోంచి పక్కింటికి, పక్కింట్లోంచి ఆ పక్కింటికి పోయింది. లోపల కారం, బయట వడగళ్లు. జనం కాసేపు ఆలోచించి వడగళ్లే మేలనుకొని నెత్తిన గంపలు బోర్లించుకొని బయటికొచ్చారు. జగదీష్ వరసగా పదకొండు తుమ్ములు తుమ్మాడు. అరుగు మీద కూర్చున్న దేవ్లా ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు.

"కాయితం తెలివికి స్విచ్చెక్కడున్నదో తెలుసు. ఎప్పుడెయ్యొద్దో తెల్వది" అని, తానూ ఒకటి తుమ్మి, "ఇగ నాది దెబ్బ తెలివైంది" అన్నాడు.

"ఫ్యాను బందు చెయ్యవేందిరా!" అని కళ్యాణి వీధి ఇవతలి నుంచి అరిచింది. మరిదిని ఆమె 'రా' అనడం అదే మొదలు. కోటేష్ కొంగు లాంటిదేదో ముఖానికి చుట్టుకొని లోపలికి పరుగెత్తాడు. అది నాగలక్ష్మి కిటికీ తెర.

వాన అరగంటలో వెలిసింది. పోయింది రెండు గంపల కాయ. వానలో నుంచే వార్త వచ్చింది, పక్క తండాలో కుప్పలు పట్టాల కింద తడిసి ఆవిర్లు కక్కుతున్నాయని.

ముక్కు చీదుకుంటూ జగదీష్ లేచాడు. తెల్లచొక్కా ఎర్రచొక్కా అయింది. "మామా, పొలం చూపిస్తరా మరి?"

"ఆగు అల్లుడా. మూడో తెలివి దొరికింది. అడగనియ్యి." దేవ్లా అరుగు దిగాడు. తండా అంతా చూస్తుండగా కోడలి ముందు నిలబడ్డాడు. "బిడ్డా, చదువుకున్నోడు పొలం కౌలుకియ్యి అన్నడు. దెబ్బ తిన్నోడు ఇయ్యొద్దన్నడు. రోజు చేసే చెయ్యి నీది. నువ్వేమంటవు?"

కళ్యాణి చేతులు కారంతో మండుతున్నాయి. కళ్లలో నీళ్లున్నాయి. అందరి కళ్లలోనూ ఉన్నాయి గనుక ఎవరూ పట్టించుకోలేదు.

"వద్దు," అంది. అక్కడితో ఆగుతుందనుకున్నారు. ఆగలేదు. "నేను చేస్త."

"ఒక్కదానివి ఎట్ల వదినా?" అన్నాడు కోటేష్, తెర ఇంకా మెడకు వేలాడుతుండగా.

"ఎప్పుడు ఒక్కదాన్ని కాదు నేను? మీ అన్న ఉన్నప్పుడు గూడ తోట నాదే. ఖమ్మం మార్కెట్టుకు పోవుడు, బేరం చేసుడు ఆయనది. అది నువ్వు చూసుకో. నెలకు రెండు సెలవులు చాలు. వచ్చేటప్పుడు కోవా బిళ్లలు తేకు. నాకు పల్లీపట్టి ఇష్టం."

కోటేష్ నోరు తెరిచాడు. ఏదో పెద్ద మాటే అనబోయాడు. తుమ్ము వచ్చింది. దాన్నే అందరూ సరేననుకున్నారు. జగదీష్ మోటారు సైకిల్ ఎక్కుతూ, "చెల్లే, మా దిక్కు గూడ కాయ ఆరబోసినం. వాన మబ్బు వస్తే ఫోన్ చేస్త, జర చెప్పు" అన్నాడు. ఆయన తుమ్ములు మలుపు దాటేదాకా వినపడ్డాయి.

మర్నాడు కళ్యాణి మాట ప్రకారం నాగలక్ష్మి టైల్స్ కడిగి, ముసలయ్య ఇంటి మీదుగా తోటకు బయల్దేరింది. ముసలయ్య అరుగు మీద కూర్చొని దేవ్లాకు గేర్ల గురించి చెప్పి పంపినట్టున్నాడు, ఇంకా ముఖం వెలుగుతోంది.

కళ్యాణికి నవ్వొచ్చింది. "తాతా, మా మామకు సైకిలే రాదు. రోజు గేర్లు అడుగుతుంటే నీకు యాష్ట రాదా?"

"నాకు తెల్వదా బిడ్డా ఆయనకు రాదని? చూపు పోయినంక ఈ ఊర్లె నన్ను ఇంకొకడు ఒక్క మాట అడిగినోడు లేడు. తిన్నవా అంటరు, అంతే." ముసలయ్య బోసినోటితో నవ్వాడు. "ఒక్కోసారి నేను తప్పు గేరు చెప్త. అయినా మంచిది అనుకుంట పోతడు."

కళ్యాణి తోట వైపు నడుస్తూ చిటికెడు ఉప్పు గురించే ఆలోచించింది. పెసరపప్పుకు, కందిపప్పుకు, మబ్బు రోజుకు, మజ్జిగకు. సగం దారిలో తిరిగి ఇంటికొచ్చింది.

దేవ్లా వంటింటి గుమ్మం దగ్గర తయారుగా ఉన్నాడు. "బిడ్డా, పప్పుల ఉప్పెంత..."

"ఇయ్యాల తీరిక లేదు మామా. నాకు తోటల పనున్నది. మీరే చేయుండ్రి" అని కొడవలి తీసుకొని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం వచ్చేసరికి అన్నం, పప్పు దించి ఉన్నాయి. సక్రి కడుపుబ్బ తిని గోడకు చేరబడింది. కోటేష్ మూడోసారి వడ్డించుకుంటున్నాడు. కళ్యాణి ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. పోపు, పులుపు, కారం, ఉప్పు. ఒక్క రవ్వ ఎక్కువ లేదు, ఒక్క రవ్వ తక్కువ లేదు. ఏడాదిన్నరగా తను చేసిన పప్పు ఏదీ దీని దగ్గరికి కూడా రాదు.

ముద్ద నములుతూ మామ వంక చూసింది. దేవ్లా దండెం మీది చొక్కాను, రవికెను మార్చి మార్చి చూస్తున్నాడు.

"మామా, ఉప్పు ఎవర్ని అడిగిండ్రు?"

దేవ్లా దొరికిపోయిన దొంగలా తల గోక్కున్నాడు. "ఎవర్ని అడగలే బిడ్డా. ఇయ్యాల ఏదో గుడ్డిగ కుదిరింది. రేపు కుదురుతదన్న నమ్మకం లేదు. రేపు మల్ల అడుగుత."

"అడుగుండ్రి," అంది కళ్యాణి, ఇంకో గరిటె వేసుకుంటూ. "నన్నొక్కదాన్నే అడిగితే ఎట్ల? ఇంకో ఇద్దర్ని గూడ అడుగుండ్రి."